ఏడో జుబ్బా

మొదటే చెప్తున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాయడం అయిపోయాక కూడా ఉండదు. నా ఉద్యోగమే నమ్మకపోవడం. మల్లాపూర్‌లో ఒక చిన్న మెషిన్ షాపులో ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తాను. లేత్ మీద ఉన్న మనిషి ముప్పై ఎంఎం కరెక్టుగా వచ్చిందంటే తల ఊపుతాను, వెర్నియర్ పట్టి కొలుస్తాను, అప్పుడు ఒప్పుకుంటాను. ఇంట్లో కూడా ఇదే బుద్ధి అని నా భార్య స్వరూప దెప్పుతుంది. ఉప్మాలో ఉప్పు సరిపోయిందని ఆమె చెప్పినా నేను చెంచాతో తీసుకుని చూస్తానట.

కాబట్టి ఇది కూడా చూసింది చూసినట్టు, కొలిచింది కొలిచినట్టు చెప్తాను. సొంత కల్పన కలపను. చివరికి మీకేమైనా అర్థమైతే సంతోషం. నాకైతే కాలేదు.

మా ఇల్లు నాచారంలో, రెండో అంతస్తు. పైన డాబా. అమ్మ, నేను, స్వరూప ఉంటాం. స్వరూప మా మేనమామ కూతురే, అందుకని పెళ్లయ్యాక కూడా నన్ను చిన్నప్పటిలాగే బావా అని పిలుస్తుంది. అమ్మ ఆమెకు అత్త కంటే ముందు మేనత్త. వాళ్లిద్దరూ ఒకటైతే ఆ ఇంట్లో నా మాట ఎవరూ వినరు, అది వేరే సంగతి.

ఏడేళ్ల కిందట మాకు పాప పుట్టింది. పురిటి పిల్లలకు కొత్త బట్టలు తొడగరు కదా, పెద్దవాళ్లు కట్టి మెత్తబడిన పాత బట్టలతో కుడతారు. మా మామ కట్టిన పాత ధోవతి చింపి, స్వరూప కాన్పుకి ముందే కూర్చుని ఏడు జుబ్బాలు కుట్టింది. గుండీలు గుచ్చుకుంటాయని తాళ్లు పెట్టింది. ఏడో దానికి వచ్చేసరికి తెల్లగుడ్డ అయిపోయి, ఎడమవైపు తాడు మాత్రం తన ఆకుపచ్చ జాకెట్ ముక్కతో కుట్టింది. తెల్ల దారం కూడా అయిపోయి, ఆ తాడు నీలం దారంతో వేసింది. ఈ వివరం గుర్తుంచుకోండి.

మా వైపు ఇళ్లలో ఒక కట్టడి ఉంది. చంటిపిల్ల బట్టలు పొద్దుగూకాక బయట ఆరేసి ఉంచకూడదు. రాత్రి తిరిగే పక్షి వాటి మీదుగా పోతే పిల్లకు పక్షిదోషం తగులుతుందని, పాలు మానేసి వాడిపోతుందని భయం. మీలో చాలామంది ఇళ్లలో వినే ఉంటారు. నేను వినేవాణ్ని, నవ్వేవాణ్ని.

నవ్వడానికి నాకు ఇంకో కారణం కూడా ఉండేది. పెళ్లికి ముందు నుంచీ నాకు పక్షులు చూసే పిచ్చి. మా షాపులో డ్రిల్లింగ్ సెక్షన్‌లో పెద్దాయన యాదన్న అంటించాడు ఆ పిచ్చి. ఆదివారం పొద్దున్నే బైనాక్యులర్లు మెడకు వేసుకుని ఇద్దరం చెరువు గట్ల మీద పడేవాళ్లం.

పాపకు పదహారో రోజు. సాయంత్రం స్వరూప లోపలి నుంచి కేకేసింది.

"బావా, జుబ్బలు దించుకరాపో. దీపాలు వెట్టే యాళ్లయింది."

పైకి వెళ్లాను. ఆరు జుబ్బాలు వరసగా ఉన్నాయి. ఏడోది, ఆకుపచ్చ తాడుది, దూరంగా తాడు చివర ఆరేసి ఉంది. దానికి జానెడు దూరంలో, అదే తాడు మీద, చిన్న గుడ్లగూబ ఒకటి వాలి ఉంది. పిడికెడంత పిట్ట. అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఆరు జుబ్బాలు తీసుకుని భుజాన వేసుకున్నాను. ఏడోదాని కోసం పోతే పిట్ట లేచిపోతుందని ఆగాను. అది పోయాక తీసుకుందామనుకున్నాను. పిట్ట లేచింది, జుబ్బా మీదుగానే ఎగిరి పక్క డాబా వైపు పోయింది. దాని వెంటే నేనూ పిట్టగోడ దాకా పోయాను. ఇంతలో షాపు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ కిందికి దిగిపోయాను.

"అన్నీ తెచ్చినవా?" అంది స్వరూప.

తెచ్చానన్నాను. ఫోన్ చెవికే ఉంది.

రాత్రి పడుకునే ముందు గుర్తొచ్చి పైకెళ్లి చూస్తే తాడు మీద జుబ్బా లేదు. గాలికి పోయిందేమోనని పొద్దున్న పక్క వాకిళ్లు, మోరీ, కరెంటు స్తంభం చుట్టూ అన్నీ చూశాను. దొరకలేదు. ఒక గుడ్డపేలిక గురించి ఇంత రాద్ధాంతం ఎందుకని ఊరుకున్నాను.

ఆ సాయంత్రమే పాప పాలు తాగడం మానేసింది. ఒళ్లు కాలిపోయింది. దవాఖానాలో రెండు రోజులు ఉంది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు, పుట్టినప్పటి నుంచే ఉండి ఉంటుందన్నారు. డాక్టరమ్మ చాలా ఓపిగ్గా చెప్పింది. నేను ఆమెనే నమ్మాను, ఇవాళ కూడా ఆమెనే నమ్ముతున్నాను. పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున పాప పోయింది. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెట్టాల్సింది. పేరు లేకుండానే పోయింది.

పసిబిడ్డను మట్టిలో పెట్టేటప్పుడు ఆమె బట్టలు కూడా అందులోనే పెట్టారు. అమ్మ జుబ్బాలు తీసి లెక్క చూసింది. ఆరే ఉన్నాయి.

అప్పుడు స్వరూప అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం పాప తడిపితే, బాలింత నీళ్లలో చెయ్యి పెట్టొద్దన్నా వినకుండా తనే ఉతికిందట. మెట్లెక్కొద్దన్నా ఎక్కి, తాడు చివర ఆరేసిందట. అమ్మ తిడుతుందని ఎవరికీ చెప్పలేదట.

"ఆడ ఇంకోటున్నదని బావకు చెప్పుడు మర్సిన. నేనే పక్షి కింద వెట్టిన నా బిడ్డను," అని నేల మీద తల కొట్టుకుంది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నేను చూశాను, నాకు తెలుసు, పిట్ట కోసం నేనే వదిలేశాను అని ఒక్క మాట చెప్పాలి. చెప్పలేదు. పక్షిదోషం అనేదే అబద్ధమైనప్పుడు, ఎవరు వదిలేస్తే ఏమిటి అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. పిరికితనానికి అంత చక్కని సాకు ఇంకోటి దొరకదు. బైనాక్యులర్లు తీసుకెళ్లి షాపులో నా లాకర్లో పడేశాను. తన కోసమే మానేశానని స్వరూప అనుకుంది. అది కూడా అనుకోనిచ్చాను.

తర్వాత ఆరేళ్లు మా ఇంట్లో బట్టలు బయట ఆరలేదు. నా చొక్కాలు, అమ్మ చీరలు, దుప్పట్లు, అన్నీ నడిమి గదిలో కట్టిన తాడు మీదే. వానాకాలం ఇల్లంతా ముక్కిన వాసన. అమ్మ గొణగలేదు, నేనూ గొణగలేదు. సాయంత్రం ఆరు కొట్టగానే స్వరూప కిటికీలు మూసేది. అప్పుడప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీద చిన్న గూబ కూస్తే, చేస్తున్న పని ఆపేసి చెవులు మూసుకునేది. అది ఆగేదాకా అలాగే నిలబడేది.

పోయిన ఏడాది ఆమె మళ్లీ నీళ్లు పోసుకుంది. ఐదో నెల వచ్చేసరికి బీపీ ఎక్కువైంది. మనిషి భయపడుతోంది, నిద్రపోవడం లేదు, ఇలాగైతే ఇద్దరికీ మంచిది కాదు అంది డాక్టరమ్మ. ఏం భయమమ్మా అని అడిగితే స్వరూప చెప్పలేదు. ఆటోలో ఇంటికి వస్తుంటే నాకు చెప్పింది.

"బావా, నువ్వు యాదన్నతోని పోయి సూస్తుంటివి గదా గా రాత్రిపిట్టలు. నాకు సూపియ్యి. ఒక్కపారి దాని మొకం సూడాలె నేను. ఎట్లుంటదో ఎరుకలేని దానికి ఎన్నొద్దులు భయపడాలె?"

నేను ముందు వద్దన్నాను. ఇంటికొచ్చాక అమ్మ నాకంటే గట్టిగా వద్దంది. కడుపుతో ఉన్న మనిషి పొద్దుగూకాక గుట్టల్లోకి పోవడమేమిటని నన్ను తిట్టింది, అడిగింది నేనైనట్టు. స్వరూప పట్టు విడవలేదు. భయంతో కిటికీలు మూసుకునే మనిషి తనంతట తాను తలుపు తీస్తానంటోంది. ఎలా కాదనను?

యాదన్నకు చెప్పాను. 

"మన గండికి పోదాం. లారీలు తిరిగిన తొవ్వ, సాపుగ ఉంటది. చెల్లె మెల్లగ నడుస్తది," అన్నాడు.

గండి అంటే బోడుప్పల్ దాటి ఇంకా తూర్పుకు పోతే వచ్చే రెండు గుట్టల నడుమ సందు. ఒకప్పుడు అక్కడ రాయి కొట్టేవాళ్లు. యాదన్న తండ్రి అక్కడే సమ్మెట పట్టాడట. ఇరవై ఏళ్లుగా పని ఆగిపోయింది. రెండు పక్కలా నాలుగు అంతస్తుల ఎత్తు రాతిగోడలు, అడుగున వాన నీళ్ల మడుగు, తుమ్మచెట్లు. లోపలికి పోవడానికి, బయటికి రావడానికి ఒకటే దారి. అటు చివర మూసుకుపోయి ఉంటుంది. ఇది కూడా గుర్తుంచుకోండి.

ఆదివారం సాయంత్రం యాదన్న తన వ్యాన్ తెచ్చాడు. బయల్దేరేముందు అమ్మ స్వరూప కొంగుకు వేపాకు రెమ్మ కట్టి, చేతిలో ఇనుము ఉండాలని ఏదో పెట్టింది. ఏమిటా అని చూస్తే మా షాపులో రిజెక్ట్ చేసిన బుష్, గుప్పిట్లో పట్టేంత ఇనుప గొట్టం ముక్క. ఎప్పుడో నేనే ఇంటికి తెచ్చి తలుపు కింద అడ్డం పెట్టింది. లోపలి కొలత తేడా ఉన్న ముక్కతో పక్షులు ఎలా ఆగుతాయమ్మా అన్నాను. నా నెత్తిన ఒకటి వేసింది. స్వరూప నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయమేసింది, ఎందుకంటే నవ్వుతూ కూడా ఆ బుష్‌ను గట్టిగా పట్టుకునే ఉంది.

ఆరుకు పది నిమిషాలు ఉందనగా గండిలో దిగాం. ఇంకా వెలుతురు బాగా ఉంది. ఎడమవైపు రాతిగోడలో, పని ఆగిపోయినప్పుడు ఇరుక్కుపోయిన పాత డ్రిల్ రాడ్ ఒకటి అడ్డంగా బయటికి పొడుచుకొచ్చి ఉంది. రొమ్ము ఎత్తులో ఉంటుంది. మూర పొడవు, తుప్పు పట్టి ఎర్రగా ఉంది. యాదన్న తన సంచీ, అందులో టీ ఫ్లాస్క్, దానికి తగిలించాడు. ఎప్పుడొచ్చినా అక్కడే తగిలిస్తాడు. అప్పుడు ఆ రాడ్ మీద ఆ సంచీ తప్ప ఏమీ లేదు. నేను చూశాను. యాదన్నా చూశాడు.

అక్కడికి పదిహేను అడుగుల దూరంలో పలుగురాయి బండ ఉంది. దాని మీద దుప్పటి పరిచి స్వరూపను కూర్చోబెట్టాం. ఆమె పక్కన నేను, అవతల యాదన్న. ఎదురుగా కుడివైపు గోడ. మా ముగ్గురి వీపు రాడ్ వైపు ఉంది. స్వరూప నా చెయ్యి పట్టుకుంది. తిరిగి లేచే దాకా వదల్లేదు. నా వేళ్లు తిమ్మిరెక్కాయి, అందుకే అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

ముందు చప్పుడు వినిపించింది. షాపులో కొలతలకు నల్లరాయి ప్లేటు ఉంటుంది. దాని మీద బేరింగ్ గుండు జారవిడిస్తే ముందు నెమ్మదిగా, తర్వాత తొందర తొందరగా ఎగిరి ఆగిపోతుంది. సరిగ్గా ఆ చప్పుడే. టక్, టక్, టక్‌టక్‌టక్. నేల మీద ఎండుటాకులా పడుకుని ఉండే పిట్ట అది, కళ్లెదుట ఉన్నా కనపడదు. వాళ్ల నాయన దాన్ని టకటక పిట్ట అనేవాడని యాదన్న గుసగుసగా చెప్పాడు. రాళ్లు కొట్టడం అయిపోయాక ఆ పిట్ట పని మొదలుపెడుతుందని నవ్వేవాడట.

స్వరూప భయపడలేదు. అది ఎక్కడుందో చూపించమంది. ఒకటి లేచి మడుగు మీద చక్కర్లు కొట్టింది, రెక్కల మీద తెల్లమచ్చలు కనపడ్డాయి. పురుగుల్ని పట్టుకుంటోందని చెప్పాను.

తర్వాత పైనుంచి పెద్ద గూబ కూసింది. కుండలోంచి మాట్లాడినట్టు రెండే మాటలు. ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. యాదన్న టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఉంచుతాడు, పక్షుల కళ్లకు ఇబ్బంది ఉండదని. ఆ ఎర్ర వెలుగు మెల్లగా గోడ మీదికి పోనిచ్చాడు. రాతి అరుగు మీద కూర్చుని ఉంది. మోకాలెత్తు పక్షి, తల మీద రెండు కొమ్ముల్లాంటి ఈకలు, గుండ్రటి కళ్లు. మమ్మల్నే చూస్తోంది. నేను ఒంటి చేత్తో బైనాక్యులర్లు స్వరూప కళ్లకు పెట్టాను. ఆరేళ్ల తర్వాత లాకర్లోంచి తీసిన బైనాక్యులర్లు.

ఆమె చాలాసేపు చూసింది.

"బావా, దాని కాళ్లకాడ ఏందో ఉన్నది. తెల్లగ. దూదిలెక్క."

పిల్ల. పుట్టి రెండు మూడు వారాలై ఉంటుంది. ఒళ్లంతా నూగు. తల్లి దానికి ఏదో చీల్చి పెడుతోంది. పిల్ల తినలేక మెడ వాల్చేస్తే, తల్లి ముక్కుతో లేపి మళ్లీ పెడుతోంది. స్వరూప చూస్తూనే ఉంది. కళ్లు కారుతున్నాయి గానీ తుడుచుకోలేదు.

"ఇది గూడ తల్లే," అంది. 

కాసేపటికి తల్లిపక్షి అరుగు మీదినుంచి లేచింది. నేరుగా మా మీదికే వచ్చింది. మా తలల మీద, సరిగ్గా స్వరూప మీదుగా, మనిషి చెయ్యెత్తితే అందేంత కింద నుంచి పోయింది. అంత పెద్ద రెక్కలు, ఇసుమంత చప్పుడు లేదు.  నమ్మకం లేదని ఇంత గొప్పగా చెప్పుకున్న నేను ఏం చేశానో తెలుసా? రెండో చెయ్యి చాపి ఆమె కడుపు మీద కప్పాను. స్వరూప కదల్లేదు. తల పైకెత్తి, పక్షి పోయిన వైపు చూస్తూ కూర్చుంది.

ఏడూ పదికి లేచాం. టైము చూశాను. యాదన్న సంచీ కోసం రాడ్ దగ్గరికి పోయాడు, పోయి అక్కడే నిలబడిపోయాడు.

"శ్రీనూ, జర గిటు రా," అన్నాడు. 

సంచీ పక్కన, రాడ్ మీద, ఒక చిన్న జుబ్బా ఆరేసి ఉంది. విసిరేసినట్టు కాదు. మధ్యకు మడిచి, రెండు చేతులూ రెండు పక్కలా సమంగా వేలాడేట్టు, తాడు మీద ఆడవాళ్లు ఎలా వేస్తారో అలా. ఎర్ర వెలుగులో రంగు తెలియలేదు. యాదన్న టార్చి మీది కాగితం లాగేశాడు. తెల్ల జుబ్బా. ఎడమవైపు తాడు ఆకుపచ్చ. దాని మీద నీలం దారం కుట్లు.

నేను ముట్టుకున్నాను. తడిగా ఉంది. కారేంత కాదు, పిండి ఆరేసి గంట అయినట్టు. బట్టల సబ్బు వాసన వస్తోంది.

స్వరూప అరుస్తుందనుకున్నాను, పడిపోతుందేమోనని వెనకే చెయ్యి పెట్టాను. ఆమె ఏం చేసిందంటే, జుబ్బాను రాడ్ మీది నుంచి తీసింది. రెండుసార్లు దులిపింది. భుజాన వేసుకుంది. రోజూ డాబా మీది నుంచి బట్టలు తెచ్చుకునే మనిషి ఎలా చేస్తుందో అచ్చం అలా. పోదాం పదండి అని వ్యాన్ వైపు నడిచింది.

వ్యాన్‌లో తిరిగి బయల్దేరాం. బోడుప్పల్ దీపాలు కనపడ్డాయి. ఆమె భుజం మీద ఆ తడి గుడ్డ, చీర మీద తడి మచ్చ పాకుతోంది. ఇక నా వల్ల కాలేదు. చెప్పేశాను. తాడు చివర అది ఉందని నాకు తెలుసని, నేను చూశానని, పిట్ట లేచిపోతుందని తీయలేదని, తర్వాత మర్చిపోయానని, అన్నీ తెచ్చానని అబద్ధం చెప్పానని. ఆమె తల కొట్టుకున్న రోజు కూడా నోరు విప్పలేదని. యాదన్న అద్దంలోకి చూడకుండా రోడ్డే చూస్తూ నడిపాడు.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్ ఆగింది. అప్పుడు అంది.

"ఆరేండ్లు, బావా. ఆరేండ్లు దినాం రాత్రి నన్ను నేను తిట్టుకున్న. నువ్వు పక్కన పండుకొని ఇన్నవు."

  నా చెయ్యి ఆమె వైపు పోయింది గానీ ఆమె పట్టుకోలేదు. అది న్యాయమే.

ఇంటికి వచ్చాక ఆమె లోపలికి రాలేదు. నేరుగా మెట్లెక్కి డాబా మీదికి పోయింది. ఎనిమిది దాటింది, ఆరేళ్లలో ఆ వేళకు ఆమె అక్కడ అడుగు పెట్టలేదు. పాత తాడు ఇంకా ఉంది. దాని చివర, అప్పుడు ఆరేసిన చోటే, జుబ్బా ఆరేసింది. పిట్టగోడకు ఆనుకుని కింద కూర్చుంది. నేను మెట్ల తలుపు దగ్గర నిలబడ్డాను. దగ్గరికి పోయే ధైర్యం లేదు, వదిలిపోయే ధైర్యమూ లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ మీద చిన్న గూబ కూసింది. ఆమె చెవులు మూసుకోలేదు.

"బావా," అని పిలిచింది చివరికి. "ఆ దినం ఆ పిట్ట ఎట్లుండె?"

చెప్పాను. పిడికెడంత ఉందని, నెత్తి మీద ఆవాలంత తెల్లచుక్కలని, జుబ్బా వైపే చూసిందని, అది కూడా ఇంకో పిట్టేమో అన్నట్టు తల అటూ ఇటూ వాల్చి పరీక్షగా చూసిందని. గాలికి జుబ్బా చెయ్యి ఊగితే రెండడుగులు వెనక్కి జరిగి, మళ్లీ ముందుకొచ్చిందని. స్వరూప కొద్దిగా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అప్పుడు పోయి పక్కన కూర్చున్నాను.

ఆ గుడ్డ వైపే చూస్తూ అంది.

"అన్నీ మట్టిల పెట్టిన్రు. దాని ఆనవాలు ఒక్కటన్న లేకపాయె అనుకున్న. నువ్వు మర్సిపోకుంటె గిది గూడ మట్టిలనే పోతుండె."

ఆమె నన్ను క్షమించిందని చెప్పను. ఆ మాట ఆమె అనలేదు. వారం రోజులు నాతో పొడిపొడిగానే మాట్లాడింది. కానీ ఆ రాత్రి నిద్రపోయింది. తర్వాతి చెకప్‌లో బీపీ తగ్గింది.

నా పని నేను చేశాను. పొద్దున్న ఆరిన జుబ్బాను బల్ల మీద పరిచి చూశాను. మామ ధోవతి ముక్క ఒకటి అమ్మ పెట్టెలో ఇంకా ఉంటే పక్కన పెట్టి భూతద్దంతో చూశాను. అదే నేత, అదే అంచు. ఆరేళ్లు ఎండలో వానలో ఉన్న నూలుగుడ్డ పట్టుకుంటే చిరిగిపోవాలి, ఇది చిరగలేదు, పాలిపోలేదు. అన్నిటికంటే ముఖ్యం, తుప్పు రాడ్ మీద తడిగుడ్డ వేస్తే గంటలో ఎర్రటి చార పడాలి. షాపులో అది రోజూ చూస్తాను. జుబ్బా మీద తుప్పు మరక లేదు.

గద్ద ఎత్తుకెళ్లి ఉంటుందనుకున్నాను. గద్దలు గూటికి గుడ్డలు తీసుకుపోతాయి, అది నిజం. కానీ గద్ద సబ్బుతో ఉతకదు కదా. ఎవరైనా పెట్టి ఉంటారనుకున్నాను. ఉన్న ఒకే దారిలో ఎవరు వచ్చినా రాళ్ల కంకర చప్పుడవుతుంది, మాకేమీ వినపడలేదు. సిగ్గు లేకుండా ఇంకోటి కూడా చెప్తాను. స్వరూపే ఇన్నేళ్లూ దాచి తెచ్చిందేమోనని కూడా అనుకున్నాను. కానీ ఆమె చెయ్యి గంటకు పైగా నా చేతిలో ఉంది, రెండో చేతిలో మా షాపు బుష్ ఉంది. యాదన్నను అడిగితే ఆయన ఒకటే అన్నాడు, తన సంచీ కూడా కొంచెం తడిసి ఉందని.

మా షాపులో మూడు రకాల చీటీలు ఉంటాయి. సరైన ముక్కకు పచ్చది, పనికిరాని దానికి ఎర్రది. ఇన్‌స్పెక్టర్ తేల్చలేని దానికి పసుప్పచ్చది కట్టి పక్కన పెడతాం. దాన్ని పారేయకూడదు, బయటికి పంపకూడదు. స్వరూప బీరువాలో జుబ్బా మడత పెట్టినప్పుడు, దాని ఆకుపచ్చ తాడుకు ఒక పసుపు చీటీ కట్టాను. ఆమె చూసింది. దీనికి గూడ చీటీయేనా అని నవ్వి, తీసేయకుండా ఉంచింది.

ఇప్పుడు మాకు కూతురు. ఏడో నెల. ఇరవై ఒకటో రోజున ఇద్దరికీ పేర్లు పెట్టాలంది స్వరూప. తొట్టెలలో ఉన్న పిల్ల చెవిలో ఒకటి చెప్పింది. తర్వాత బీరువా తెరిచి, జుబ్బా దగ్గర వంగి ఇంకోటి చెప్పింది. ఆ పేరు నాకు కూడా చెప్పింది, ఇక్కడ మాత్రం రాయను. అమ్మ ఏమైనా అంటుందేమోననుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్క గదిలోకి పోయింది.

బట్టలు మళ్లీ డాబా మీదే ఆరుతున్నాయి. సాయంత్రం దించుకురావడం నా పని. మొన్న పోతే, తాడు మీద చిన్న గూబ కూర్చుని ఉంది. దాని పక్కన గౌను ఒకటి. మిగతావన్నీ తెచ్చి స్వరూప ఒళ్లో పోశాను.

"అన్నీ తెచ్చినవా?"

"ఒకటి పైనే ఉన్నది. పిట్ట కూసున్నది, లేపబుద్ధి కాలేదు," అన్నాను.

ఆమె పిల్లను చంకన వేసుకుని నాతో పైకి వచ్చింది. ముగ్గురం మెట్ల తలుపు దగ్గర చప్పుడు చేయకుండా నిలబడ్డాం. పిల్ల కళ్లు విప్పార్చి చూసింది. పిట్ట తనంతట తాను లేచి, గౌను మీదుగా ఎగిరి పోయింది. అప్పుడు స్వరూప వెళ్లి గౌను తీసి, రెండుసార్లు దులిపి, భుజాన వేసుకుంది.

ఆ గండిలో జుబ్బా ఎవరు ఉతికారో, ఎవరు ఆరేశారో నాకు తెలియదు. చీటీ ఇంకా పసుపుదే ఉంది.